పడమటి గోడ పని ఎవరికివ్వడం మేలు: తెలిసిన మేస్త్రికా, పెయింట్ టీమ్‌కా, కోల్డ్ స్టోరేజీ పనివాళ్లకా?

మా అత్తయ్య గది పడమటి వైపు ఉంటుంది. మే నెలలో రాత్రి పది గంటలకి కూడా ఆ గది గోడ మీద చెయ్యి పెడితే అప్పుడే దించిన అన్నం గిన్నెను ముట్టుకున్నట్టు ఉండేది. ఎనభై దాటిన మనిషి, మంచం గోడ దగ్గర నుంచి గది మధ్యకి లాగించుకుని పడుకునేవారు. తెల్లవారుజామున ఎప్పుడో కన్ను మూతపడేది.

మాది గుంటూరు బ్రాడీపేటలో 1974లో కట్టిన ఇల్లు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. కింద మేము, పైన అద్దెకున్నవాళ్లు. పైన ఇంకో అంతస్తు ఉంది కాబట్టి స్లాబు వేడి మాకు దిగదు, వచ్చేదంతా గోడల నుంచే. పక్క స్థలంలో పెద్ద వేపచెట్టు ఉన్నంతకాలం ఈ బాధే తెలియలేదు. దాన్ని కొట్టేసి కారు షెడ్డు వేశాక మొదలైంది.

మీ ఇల్లు ఒకే అంతస్తు డాబా అయితే ముందు డాబా సంగతి చూసుకోండి. వేసవిలో ఎండ ఎక్కువగా పడేది దాని మీదే. అది వదిలేసి గోడలకి డబ్బు పెట్టడం దండగ. మాలాగా కింది అంతస్తులో ఉన్నవాళ్లకే ఈ గోడల లెక్క.

ఇంకో విషయం ముందే చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. గోడ వేడి లోపలికి రాకుండా అడ్డుకునే ఈ పని (ఇన్సులేషన్) నాలుగు గోడలకీ అక్కర్లేదు. గుంటూరు, విజయవాడ ఉన్న చోట మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా కాస్త ఉత్తరానికి ఒరిగి పోతాడు. అంటే రోహిణి కార్తెలో దక్షిణపు గోడ మీద ఎండ దాదాపు పడదు. కాల్చేది తూర్పు, పడమర. తూర్పు గోడ తాగిన వేడి మధ్యాహ్నానికి లోపలికి వస్తుంది, అప్పుడు మనం హాల్లోనో వంటింట్లోనో ఉంటాం. పడమటి గోడ రెండింటి నుంచి ఆరున్నర దాకా తాగిన వేడి మాత్రం గోడ మందం దాటుకుని మనం పడుకునే వేళకి బయటపడుతుంది. "నాలుగు వైపులా చేస్తేనే ఫలితం మేడమ్" అన్న మనిషిని నేను రెండోసారి పిలవలేదు.

మా ఊళ్లో ఈ పనికి మూడు రకాల వాళ్లు దొరుకుతారు. ముగ్గురితోనూ మాట్లాడాను, ఒకరి చేతిలో డబ్బు పోగొట్టుకున్నాను కూడా.

ఆ పోగొట్టుకున్న సంగతి ముందు చెప్తాను. 2022లో ఒక పెయింట్ షాపు వాళ్లు పంపిన టీమ్‌తో వేడిని వెనక్కి కొట్టే తెల్ల పెయింట్ వేయించాం. యూనిఫాం, లేజర్‌తో కొలతలు, ప్రింటు తీసిన కొటేషన్, నాలుగు రోజుల్లో పని పూర్తి. మొదటి వేసవి నిజంగానే తేడా తెలిసింది. కొత్త తెల్ల పూత తన మీద పడే ఎండలో మూడొంతులకు పైగా వెనక్కి పంపేస్తుంది, అందులో అబద్ధం లేదు. అయితే ఆ గోడకి లోపలి వైపు బాత్రూమ్ ఉంది, పాత పైపు ఎప్పటి నుంచో కారుతోంది. గోడలో చెమ్మ ఉందా అని వాళ్లు ఒక్క మాట అడగలేదు. నాకూ తెలియదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్లో పెయింట్ బుడగలు బుడగలుగా లేచింది. వారంటీ కాగితం తీసి చూస్తే గోడలో తడి వల్ల వచ్చే నష్టం తమది కాదని చిన్న అక్షరాల్లో ఉంది. పైగా మా రోడ్డు దుమ్ముకి ఆ తెలుపు ఏడాది తిరిగేసరికే మట్టి రంగుకి దిగింది. తెలుపు తగ్గితే ఆ పెయింట్ చేసే పనీ తగ్గుతుంది.

అయినా పెయింట్ టీమ్‌ను పూర్తిగా కొట్టిపారెయ్యను. గోడ పొడిగా ఉండి, ప్లాస్టర్ గట్టిగా ఉండి, బడ్జెట్ తక్కువైతే అదే సరైన పని. గోడకి థర్మోకోల్ బోర్డులు బిగించే పనితో పోలిస్తే చదరపు అడుగుకి ఐదారో వంతులో అయిపోతుంది. బిల్లు ఉంటుంది, ఫోన్ చేస్తే ఎవరో ఒకరు పలుకుతారు. కాకపోతే అది ఎండను వెనక్కి కొడుతుందే గానీ గోడలోకి చేరిన వేడిని ఆపదు.

రెండోది, తెలిసిన మేస్త్రి. మాకు పాతికేళ్లుగా పని చేస్తున్న తాపీ మేస్త్రి ఉన్నారు. పెయింట్ ఊడిన గోడ చూపిస్తే ఆయన చేసిన మొదటి పని, తాపీ పిడితో గోడంతా కొడుతూ నడవడం. "ఇక్కడ గుల్ల అమ్మా, ఇదిగో ఇక్కడా గుల్లే" అంటూ సుద్దముక్కతో గుండ్రాలు గీశారు. బాత్రూమ్ పైపు సంగతి కనిపెట్టిందీ ఆయనే. పాత ఇంటికి ఇలాంటి మనిషి కావాలి. ఏ గోడ ఎప్పుడు కట్టారో, పైపు ఎటు నుంచి పోతుందో, ఏ పగులు పాతదో ఆయనకి గుర్తే.

ఇన్సులేషన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన చెప్పిన దారులు రెండూ నాకు నచ్చలేదు. ఒకటి, రెండంగుళాల ఖాళీ వదిలి బయట ఇంకో నాలుగున్నర అంగుళాల గోడ కట్టడం. ఇది పనికొచ్చే పద్ధతే. కానీ మాది నాలుగడుగుల సందు, అందులో ఆరేడు అంగుళాలు పోతాయి. పైగా కొత్త గోడకి పునాది కావాలి, మా నేల నల్లరేగడి. ఎండాకాలం బీటలు వారి, వానాకాలం ఉబ్బే నేల. రెండు పునాదులు రెండు రకాలుగా కదిలితే పగుళ్లు తప్పవు. రెండోది, షాపులో దొరికే థర్మోకోల్ షీట్లు మేకులతో కొట్టి పైన సిమెంట్ ప్లాస్టర్ చేయడం. ఇది చాలాచోట్ల చేస్తున్నారు. దయచేసి చేయించకండి. ప్యాకింగ్ థర్మోకోల్ మీద మెష్ (వల) లేకుండా వేసిన ప్లాస్టర్ మన ఎండకి సాగి, ముడుచుకుని, జాలీలా పగులుతుంది. ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగి బోర్డు వెనకే నిలుస్తాయి.

మూడో రకం వాళ్ల గురించి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. మిర్చి యార్డు ఉన్న ఊరు మాది, ఊరి బయట రోడ్ల వెంట కోల్డ్ స్టోరేజీలు వరసగా ఉంటాయి. వాటికి థర్మోకోల్, పఫ్ (గట్టి నురుగు) బోర్డులు బిగించే పనివాళ్లు ఇక్కడే ఉన్నారు. వేడి అనేది సందు దొరికితే చాలు దూరుతుందన్న సంగతి వాళ్లకి చెప్పనక్కర్లేదు. అయిదు సెంటీమీటర్ల మంచి థర్మోకోల్ బోర్డు వేడిని ఆపడంలో సుమారు మీటరు మందం ఇటుక గోడతో సమానమని నాకు మొదట చెప్పింది అలాంటి కాంట్రాక్టరే. తర్వాత నేను లెక్క కట్టి చూసుకున్నాను, నిజమే.

వీళ్లలోనూ అందరూ ఒకటి కాదు. కోల్డ్ స్టోరేజీలో బోర్డులు లోపలి వైపు ఉంటాయి, ఎండా వానా తగలవు. అక్కడ మరిగించిన తారుతో అతికించడం పాత అలవాటు. ఇంటి బయటి గోడకి అది పనికిరాదు. తారు మరీ వేడిగా ఉంటే థర్మోకోల్ కరిగిపోతుంది, పైగా మన పడమటి ఎండకి తారు మెత్తబడుతుంది. బయటికైతే సిమెంట్ జాతి అంటుపిండి రాసి బోర్డు అతికించాలి, వెడల్పాటి ప్లాస్టిక్ తల ఉన్న మేకులు ఇటుకలోకి దిగేలా బిగించాలి. దాని మీద క్షారానికి పాడవని ఫైబర్ గ్లాస్ మెష్‌ను పలచటి పూతలో ముంచినట్టు కూర్చాలి. ఆపైన గరుకుగా ఉండే టెక్స్చర్ పూత. "తారు వాడతారా?" అని నేను ముగ్గురిని అడిగాను. ఇద్దరు అవునన్నారు. మూడో ఆయన "బయటికి తారేంటి మేడమ్" అన్నారు. మిగతా మాటలు ఆయనతోనే మాట్లాడాను.

ఆయన చేసిన కొన్ని పనులు చెప్తాను, మీరు మనిషిని అంచనా వేసుకోవడానికి పనికొస్తాయి. రేటు చెప్పే ముందు సాయంత్రం అయిదింటికి వచ్చి గోడను లోపలా బయటా ముట్టుకుని చూశారు. గోడ మీద అడుగున్నర ప్లాస్టిక్ కవరు పరిచి నాలుగు అంచులూ టేపు వేసి, రెండు రోజులాగి తీసి చూడమన్నారు. కవరు లోపలి వైపు నీటి బొట్లు ఉంటే గోడలో చెమ్మ ఉన్నట్టు. మాకు బొట్లు కనిపించాయి. "పైపు మార్పించి, గోడ ఆరాక పిలవండి" అని వెళ్లిపోయారు. పని ఇస్తామన్నా రెండు నెలలు ఆగమన్న మనిషి! నాకు నమ్మకం కుదిరింది అక్కడే. కిటికీ పైన ఉన్న పగులు మీద సన్నటి గాజు ముక్క అడ్డంగా అతికించి తేదీ రాయమన్నారు. పగులు ఇంకా కదులుతుంటే గాజు విరుగుతుంది. మాది విరగలేదు. విరిగి ఉంటే ముందు పునాది సంగతి చూడాలి, ఏ కాంట్రాక్టరైనా ఆ తర్వాతే.

చెదల గురించి కూడా ఆయనే ఎత్తారు. థర్మోకోల్ చెదలకి తిండి కాదు గానీ దారి అవుతుంది. నేలను ఆనించి బోర్డు పెడితే దాని వెనకగా మట్టి గూడు కట్టుకుంటూ తలుపు చట్రాల దాకా ఎక్కేస్తాయి. అందుకే నేల నుంచి ఎనిమిది అంగుళాలు వదిలి అల్యూమినియం పట్టీ మీద మొదటి వరస నిలబెట్టారు.

బోర్డు నాణ్యతకి మన వంటింటి తూకం చాలు. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, అయిదు సెంటీమీటర్ల మందం ఉన్న బోర్డు, ఘనపు మీటరుకి 20 కిలోల సాంద్రతది అయితే అర కిలో తూగాలి. మూడు వందల గ్రాములే తూగిందంటే అది ప్యాకింగ్ సరుకు. ఐఎస్ 4671 ప్రమాణం ఉన్న బోర్డు, మంట తీసేస్తే తనంతట ఆరిపోయే రకం కావాలని కొటేషన్లో రాయించుకోండి. చిన్న ముక్క విరిచి వీధిలో అగ్గిపుల్లతో ముట్టించి చూపించమంటే చూపిస్తారు. థర్మోకోల్ మండే వస్తువు, అందుకే వంటింటి గ్యాస్ బండ, మీటరు బోర్డు ఉన్న చోట దాన్ని పెట్టనివ్వలేదు. అక్కడ రాక్‌వూల్ (మంట అంటుకోని రాతి ఉన్ని) వేశారు, ధర ఎక్కువే అయినా.

ఇక ఎవరికివ్వాలన్న దగ్గర నాకు పెద్ద టెన్షన్ అయ్యింది. గోడ రిపేరు మా మేస్త్రికి, బోర్డులు ఈయనకి విడివిడిగా ఇస్తే కాస్త చవక. కానీ రేపు బోర్డు ఊడితే "ప్లాస్టర్ గుల్ల" అని ఈయన, "బోర్డు సరిగ్గా బిగించలేదు" అని ఆయన అంటారు. చివరికి మొత్తం బాధ్యత బోర్డుల కాంట్రాక్టరుకే ఇచ్చాం. గుల్ల ప్లాస్టర్ కొట్టేసి మళ్లీ చేసే పనికి మా మేస్త్రినే ఆయన కింద పెట్టుకోమన్నాం. ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే ఇంకొకరిని వెతికేదాన్ని.

కాగితం మీద రాసుకున్నవి కొన్ని చెప్తాను. కిటికీలు తీసేసి కొలవాలా, కలిపి కొలవాలా అన్నది మొదటిది. మా గోడ 30 అడుగుల పొడవు, 11 అడుగుల ఎత్తు, రెండు కిటికీలు తీసేస్తే మూడు వందల చదరపు అడుగులు. అన్నీ కలిపి కొలిస్తే ఇంకో ముప్పై అడుగుల డబ్బు ఊరికే పోతుంది. మెష్ అంచులు నాలుగంగుళాలు ఒకదాని మీద ఒకటి రావాలి. కిటికీ మూలల్లో ఏటవాలుగా అదనపు ముక్క పడాలి, పగులు మొదలయ్యేది అక్కడే. ఏసీ స్టాండు బోల్టులు బోర్డు దాటి ఇటుకలోకి దిగాలి. పని పై అంతస్తు దగ్గర ఆగుతుంది కాబట్టి పై అంచులో నీళ్లు దూరకుండా పట్టీ వెయ్యాలి. జీఎస్టీ 18 శాతం రేటులో కలిసి ఉందా, విడిగానా అన్నదీ రాసుకున్నాం. చెల్లింపు నాలుగు విడతలు: అడ్వాన్స్ 20 శాతం, బోర్డులు బిగించాక మెష్ వేసే ముందు 30, పని అయ్యాక 40, మిగతా 10 వానాకాలం దాటాక. మెష్ కప్పేముందు నేను నిలబడి ఫోటోలు తీశాను. కప్పాక లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు.

బిల్లు తీసుకోవడం గురించి ఒక్క మాట. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాల్సి వస్తే, చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, ఫిర్యాదు రెండేళ్లలోపు వెయ్యాలి. బిల్లూ ఒప్పందం కాగితమూ ఉంటేనే అక్కడ మన మాట నిలబడుతుంది. పెయింట్ విషయంలో నేను వెళ్లలేదు, వెళ్లాల్సింది.

కాబట్టి నా లెక్క ఇది. గోడ పొడిగా ఉండి డబ్బు తక్కువైతే పెయింట్ టీమ్, అదీ ముందు మేస్త్రి చేత గోడ కొట్టించి చూశాకే. పడమటి గోడ పక్కనే పడుకునే పెద్దవాళ్లో పసిపిల్లలో ఉంటే బోర్డులు, బయటి గోడలు చేసిన అనుభవం చూపించగలిగిన కోల్డ్ స్టోరేజీ కాంట్రాక్టరు. మేస్త్రి ఒక్కడి చేత ఇన్సులేషన్ వద్దు, మేస్త్రి లేకుండా అసలే వద్దు. మట్టి అడుసుతోనో గానుగ సున్నంతోనో కట్టిన ఇంకా పాత ఇళ్లకి మాత్రం ఈ ముగ్గురిలో ఎవరినీ పిలవకండి. ఆ గోడలు గాలి పీల్చుకుంటూ ఆరాలి, బయట మూసేస్తే లోపల నానిపోతాయి. వాటికి పడమటి వైపు పందిరి, తీగలు, గ్రీన్ మ్యాట్ మేలు.

మా పని 2025 ఫిబ్రవరిలో అయ్యింది. తుపానులు వెళ్లిపోయి ఎండ ముదరని ఆ రోజులే పూతలు నిదానంగా ఆరడానికి అనువు. మే నెలలో రాత్రి పదింటికి ఆ గోడా, తూర్పు గోడా చేతికి ఒకేలా తగిలాయి. గది చల్లబడిపోలేదు, ఫ్యాను తిప్పాల్సిందే, కానీ అత్తయ్య మంచం మళ్లీ గోడ పక్కకి చేరింది.

అక్టోబరులో ఆఖరి 10 శాతం కోసం కాంట్రాక్టరు వచ్చారు. డబ్బు తీసుకోబోయే ముందు పైపు అడిగి తీసుకుని, రెండు కిటికీల మూలల మీదా పావుగంట నీళ్లు కొట్టించి, లోపలికి వచ్చి గోడను తడిమి చూశారు. అత్తయ్య మంచం మీద నుంచే "పొడిగానే ఉంది నాయనా, నేను రోజూ చూసుకుంటూనే ఉన్నా" అన్నారు.