పెద్దచెరువు గట్టు మీద 220 రూపాయల ఇత్తడి గంట

రిటైరయ్యాక మోకాళ్ల కోసం మళ్లీ సైకిలెక్కాను. పొద్దున్న అయిదున్నరకల్లా విజయనగరం పెద్దచెరువు గట్టు మీద ఉంటాను. నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు, పాలక్యాన్లవాళ్లు అందరిదీ అదే దారి. ఎవరికి వాళ్లు సర్దుకుపోవాలి.

మొదట ఆన్‌లైన్లో 350 పెట్టి బ్యాటరీ హారన్ తెప్పించాను. మొదటి రోజే నా ముందు నడుస్తున్న ముసలావిడ ఎగిరిపడి, పక్కకు తప్పుకోబోయి సరిగ్గా నా చక్రం ముందుకే వచ్చింది. కాలు నేలకి ఆనించి ఎలాగో ఆపాను. "ఓలమ్మా! ఏటి బాబూ, ఎనకనించి లారీ వొచ్చేసినాదనుకున్నాను" అని గుండె పట్టుకుంది. ఆమె తప్పేముంది? ఆ హారన్ ఇప్పుడు మా మనవడి బొమ్మల్లో ఉంది.

సైకిల్ షాపుకెళ్లి "చప్పుడు తక్కువ చేసేది కావాలి" అంటే అతను నన్ను ఎగాదిగా చూశాడు. "అందరూ పెద్ద సౌండే అడుగుతారు సార్" అంటూ సగం కోసిన బత్తాయంత ఇత్తడి గంట తీశాడు. పాత స్టీలు బెల్లులో పళ్లచక్రాలు తిరిగి "ట్రింగ్ ట్రింగ్" అని తరుముతుంది. ఇందులో స్ప్రింగుకి చిన్న సుత్తి ఉంటుంది, ఒక్కసారి కొడుతుంది. "టింగ్" మని కాసేపు సాగుతుంది. వినేవాళ్లు కంగారుపడరు, మెల్లగా వెనక్కి తిరుగుతారు.

ఎంత దూరంలో కొట్టాలన్నది నేను లెక్కేసుకున్నాను (ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఊరుకోలేను). నేను గంటకు 12 కిలోమీటర్లు, ముందు మనిషి 5. తేడా 7, అంటే సెకనుకి దాదాపు రెండు మీటర్లు. పది మీటర్ల ముందు కొడితే వాళ్లకి అయిదు సెకన్లు దొరుకుతాయి, చెయ్యి పట్టుకున్న పిల్లని ఇటు లాక్కోవడానికి అది చాలు. మూడు మీటర్ల దగ్గర కొడితే ఎంత మంచి గంటైనా ఆ హారన్‌తో సమానమే.

ఇంగ్లండులో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు ఇలాంటి ఉమ్మడి దారులు చూశాను. మనిషి, సైకిలు బొమ్మలున్న గుండ్రటి నీలం బోర్డు పెడతారు. వాళ్ల రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 63వ నియమం దీని గురించే: వెనకనించి దగ్గరగా, వేగంగా దాటిపోవద్దు, గంట కొట్టో మర్యాదగా పిలిచో తెలియజేయి, ఎదుటివాళ్లకి చెవుడో చూపు లోపమో ఉండొచ్చని గుర్తుంచుకో. ఆ చివరి ముక్క నాకు బాగా నచ్చింది. మన గట్టు మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాళ్లని కూడా ఆ లెక్కలోనే వేసుకున్నాను. రెండుసార్లు కొట్టినా కదలకపోతే దిగి నడిపించుకుపోతాను. అమ్మవారి తెప్పోత్సవం రోజైతే ఎక్కే ప్రశ్నే లేదు.

నలుగురేసి వరసగా నడుస్తూ డీఏ బకాయిలు చర్చించే పెద్దమనుషులకి మాత్రం ఏ గంటా పనిచేయదు. అందులో ఇద్దరు నా పాత స్టాఫే, పేరు పెట్టి పిలవాలి.

లోపాలున్నాయి. క్లాంపు వదులు. నా పాత సైకిలు సన్నటి హ్యాండిల్ మీద వారానికే తిరిగిపోయి, గంట గిన్నె వెళ్లి బ్రేకు లివర్‌కి తగిలి "టక్" మనడం మొదలెట్టింది. సుత్తి లివర్ కూడా చిన్నది, నా బొటనవేలికి కష్టం. ఊళ్లో గంటస్తంభం దగ్గర ఇది దండగ, ఆటోవాడికి ఈ గంటా ఒకటే దోమా ఒకటే. గట్టు కోసం అయితే అయిదుకి నాలుగు మార్కులు వేస్తాను.

ఆ ముసలావిడ ఇప్పుడు వెనక్కైనా చూడదు. గంట వినగానే ఎడమపక్కకి జరిగి, చెయ్యూపి "ఎల్లు బాబూ, ఎల్లు" అంటుంది.

కొనేవాళ్లు క్లాంపు కింద పాత ట్యూబు ముక్క షాపులోనే వేయించుకోండి. నేను దానికోసం మళ్లీ వెళ్తే పది రూపాయలు తీసుకున్నాడు.