అరకులో భోజనం: పెద్ద రెస్టారెంట్‌లో మీల్స్ తినండి, బొంగు చికెన్ మాత్రం అక్కడ వద్దు

కార్తీకమాసం రెండో ఆదివారం అరకు వెళ్లొచ్చాం. నేను, మా ఆయన, పిల్లలిద్దరు, మా అత్తగారు. విశాఖలో ఆరింటికి బయల్దేరి, శృంగవరపుకోటలో టిఫిన్లు కానిచ్చి, ఘాట్ ఎక్కి బొర్రా గుహలు చూసుకున్నాం. వలిసె పూల చేలు కనపడగానే పిల్లలు కారు ఆపించేశారు. పసుపు రంగు ఆరబోసినట్టున్న ఆ చేలల్లోంచి వాళ్లని లాక్కొచ్చి అరకు ఊళ్లోకి వెళ్లేసరికి రెండైంది.

అందరూ చెప్పే పెద్ద రెస్టారెంట్‌కే వెళ్లాం. పేరు రాయడం లేదు. టోకెన్ ఇవ్వరు, పేరు రాసుకోరు. తింటున్నవాళ్ల కుర్చీ వెనకాల నిలబడి, వాళ్లు లేవగానే కూర్చోవాలి. ముద్ద నోట్లో పెట్టుకునేవాళ్లకీ ఇబ్బందే, నిలబడ్డవాళ్లకీ ఇబ్బందే. డెబ్బై ఏళ్ల మనిషిని ముప్పావుగంట అలా నిలబెట్టాల్సి రావడం నాకు చాలా బాధనిపించింది. గుమ్మం దగ్గర నాలుగు కుర్చీలు, చేతిలో ఒక పుస్తకం ఉన్న మనిషి ఉంటే చాలు కదా!

కూర్చున్నాక మాత్రం శాకాహారం మీల్స్‌కి వంక పెట్టలేను. మా అత్తగారు కార్తీకంలో నీచు ముట్టరు. ఆ సంగతి చెప్పగానే వడ్డించే అబ్బాయి “మామ్మగారికి వేరే గరిటె తెస్తానండీ” అని, నిజంగానే వేరే గిన్నెల్లో తెచ్చాడు. పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, కొండ రాజ్మా కూర, మిరియాల చారు. రాజ్మా గింజ నలగలేదు, నోట్లో వేసుకుంటే వెన్నలా ఉంది. చారులో మిరియం ఘాటు గొంతులో తెలిసింది. వస్తూ అనంతగిరి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు చూశాం కాబట్టి పిల్లలు కూడా ఆ చారు అడిగి మరీ పోయించుకున్నారు. మీల్స్ 180 రూపాయలు, ఎంత కావాలంటే అంత వడ్డించారు.

నా బాధంతా బొంగు చికెన్ గురించే. పచ్చి వెదురు బొంగులో కోడి ముక్కలు కూరి నిప్పుల మీద కాల్చి వండేది అది. అరకిలో 400. అడిగిన పది నిమిషాల్లో వచ్చేసింది, నాకు అనుమానం అక్కడే మొదలైంది. బొంగు ప్లేట్లో వంచితే ఎర్రటి నూనె తేలుతున్న గ్రేవీ, హోటల్ మసాలా వాసన. బొంగు చేత్తో పట్టుకుని చూశాను. పచ్చిదనం లేదు, ఎండిపోయి తేలిగ్గా ఉంది. మసి కూడా పాతది, వేలితో రాస్తే అంటలేదు. అబ్బాయిని మెల్లగా అడిగితే “ఆదివారం రద్దీకి పొయ్యి మీద వండి బొంగులో పోస్తారమ్మా” అని ఉన్నమాట చెప్పాడు. కూర రుచిగానే ఉంది. కానీ అది కోడికూర, బొంగు చికెన్ కాదు. ఆ పేరుకి డబ్బు తీసుకోవడం తప్పు. కొండ మీద గిరిజనులు తరతరాలుగా వండుకుంటున్న వంట అది. మొదటిసారి వచ్చినవాళ్లు ఇదే అసలుదనుకుని వెళ్లిపోతారు.

తిరుగు దారిలో అనంతగిరి దగ్గర రోడ్డు పక్కన నిప్పుల మీద బొంగులు ఏటవాలుగా ఆనించి ఉన్నాయి. చీకటి పడకముందే ఘాట్ దిగాలని మా ఆయన తొందర. అయినా ఆపించాను. ఒకావిడ అప్పుడే నరికిన పచ్చి బొంగులో ముక్కలు కూరుతోంది. ఒకవైపు కణుపే మూత, రెండోవైపు ఆకులు మడిచి బిగించింది. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి తప్ప చుక్క నూనె లేదు. బొంగులో తడి ఉంటుంది కాబట్టి పైన నల్లగా మాడినా లోపల కూర మాడదు. ఆవిడ దాన్ని తిప్పుతూనే ఉంది. దాదాపు నలభై నిమిషాలు కూర్చున్నాం. ఆకులు తియ్యగానే ఆవిరితో పాటు పచ్చి వెదురు వాసన గుప్పుమంది. ముక్క లేత పసుపు రంగులో ఉంది, దాని ఊటలోనే ఉడికి ఎముక నుంచి జారిపోతోంది. అడ్డాకు దొన్నెలో పెట్టిచ్చింది. అరకిలో 300 తీసుకుంది.

కాబట్టి వెళ్లేవాళ్లు ఆ రెస్టారెంట్‌కి పన్నెండు లోపు వెళ్లి మీల్స్ తినండి, పెద్దవాళ్లుంటే మరీ ముందు వెళ్లండి. బొంగు చికెన్ మాత్రం మీ కళ్ల ముందు నిప్పు మీద ఉన్నచోటే అడగండి, పచ్చి బొంగో కాదో చూసుకోండి. కనీసం అరగంట పైన పడుతుందని చెబితే సంతోషంగా కూర్చోండి.

మా అత్తగారు కారులోంచే ఆ వాసన చూసి, ఘాట్ దిగేదాకా ఏమీ అనలేదు. శృంగవరపుకోట దాటాక “పోలి పాడ్యమి వెళ్లాక ఇంకోసారి వద్దామే” అన్నారు. డిసెంబరులో మళ్లీ వెళ్తున్నాం.