ఎన్‌వీడీఏతో ఆరేళ్లు: పరిశోధనల్లో పాల్గొనేవాళ్ల కోసం

నాకు చూపు లేదు. ఆరేళ్లుగా ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తోనే (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పరిశోధనల్లో పాల్గొంటున్నాను, అంటే సమ్మతి పత్రం చదవడం, సర్వే నింపడం, తర్వాత వచ్చే మెయిల్స్ చూసుకోవడం, అన్నీ దీంతోనే. మామూలు వాడకం గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి ఈ ఒక్క పని గురించే చెబుతాను.

ఇది విండోస్‌లో నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్, 2006లో దీన్ని మొదలుపెట్టిన మైఖేల్ కరన్‌కూ చూపు లేదు. పత్రం సరిగ్గా తయారు చేసి ఇస్తే నాకు ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. శీర్షికలకు హెడింగ్ స్టైల్ పెట్టి ఉంటే చాలు, పదిహేను పేజీల పత్రంలోనైనా హెచ్ నొక్కుకుంటూ నష్టాలేమిటి, మధ్యలో మానేయవచ్చా అన్న భాగాలకు నేరుగా వెళ్లి, అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ వింటాను.

స్కాన్ చేసిన పీడీఎఫ్ వస్తేనే కష్టం. అది ఫొటో, లోపల అక్షరాలుండవు. ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్)తో పాటు ఆర్ నొక్కితే, ఫొటోలోని అక్షరాలను గుర్తుపట్టే విండోస్ ఓసీఆర్ కొంత చదివిపెడుతుంది గానీ టిక్ పెట్టాల్సిన గడులు మాత్రం చేతికి రావు. ఒక ఆరోగ్య అధ్యయనంవాళ్లు ఇలాంటిదే పంపి, ఇంట్లో ఎవరితోనైనా చదివించుకుని సంతకం పెట్టండి అన్నారు. అందులో నా మానసిక ఆరోగ్యం గురించి ప్రశ్నలున్నాయి, అవి మా తమ్ముడు నాకు చదివి వినిపించాలా? కుదరదన్నాను, వర్డ్ ఫైలు అడిగాను. అది వచ్చేసరికి మూడు వారాలైంది, చేరే గడువు అయిపోయింది. వాళ్లు స్కాన్ చేసింది ఆ వర్డ్ ఫైలు ప్రింటునేనని తర్వాత తెలిసింది, ఆ బాధ ఇంకా పోలేదు.

సర్వేల్లో పెద్ద టెన్షన్ పట్టిక ప్రశ్నలు. ఇరవై వాక్యాలు నిలువుగా, ఐదు జవాబులు అడ్డంగా ఉంటాయి, బటన్లకు పేర్లు జోడించకపోతే ఎన్‌వీడీఏ "రేడియో బటన్" అని మాత్రమే అంటుంది, నేను దేనికి జవాబిచ్చానో నాకే తెలియదు. అలాంటి జవాబులు డేటాలోకి వెళితే పరిశోధనకే నష్టం. సర్వే తయారుచేసేవాళ్లు ఒక్కో ప్రశ్న విడిగా పెట్టండి. మౌస్‌తో లాగి వరస పెట్టమనే చోట అంకె టైప్ చేసే వీలివ్వండి, వెబ్ పేజీలు వైకల్యం ఉన్నవాళ్లూ వాడుకునేలా ఉండాలని చెప్పే ప్రమాణాల్లో 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 కూడా లాగకుండా చేసే దారి ఉండాలనే అంటుంది. సమయం పరిమితి పెడితే పెంచుకునే బటన్ ఉండాలి.

ఎన్‌వీడీఏలోనూ లోపాలున్నాయి. దాంతో వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు మరీ యంత్రంలా ఉంటుంది, అలవాటు కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. వివరణ రాయని గ్రాఫ్ ముందు ఇదీ ఏమీ చేయలేదు.

పరిశోధకులను ఒకటే అడుగుతాను: దీన్ని డౌన్‌లోడ్ చేసుకుని, టూల్స్ మెనూలో స్పీచ్ వ్యూయర్ తెరవండి, అది పలికే ప్రతి మాటా అక్షరాల్లో కనిపిస్తుంది, మౌస్ ముట్టుకోకుండా మీ ఫారం మీరే నింపి చూడండి. ఈ మధ్య ఒక బృందం అలా చూసుకుని, ఆ తర్వాత నాతో కూడా ఒకసారి నింపించి, రెండు తప్పులు దిద్దాకే అందరికీ పంపింది. ఆ సమ్మతి పత్రం మొదటి వాక్యం నుంచి సంతకం దాకా నేనొక్కదాన్నే చదువుకున్నాను.