సుఖపడ్డవాడు ఎవరు: సోలోన్ లెక్క, అరిస్టాటిల్ లెక్క

ఇప్పటి టర్కీ ప్రాంతంలోని లిడియా రాజ్యపు రాజు క్రీసస్ తన ఖజానా అంతా చూపించి, లోకంలో అందరికంటే సుఖపడ్డవాడెవరని అడిగితే, ఏథెన్స్ శాసనకర్త సోలోన్ తన ఊరివాడైన టెల్లస్ పేరు చెప్పాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. మంచి కొడుకులు, కళ్లముందు మనవలు, చివరికి ఊరికోసం పోరాడి గౌరవంగా చావు, అంతే. (కాలం లెక్కలు కుదరవు కాబట్టి ఈ భేటీ అసలు జరిగి ఉండకపోవచ్చు.) 70 ఏళ్ల బతుకంటే తన లెక్కలో 26,250 రోజులు, ఏ రెండు రోజులూ ఒకలా ఉండవు, అందుకే పోయేదాకా ఎవరినీ సుఖపడ్డాడనకు, అదృష్టవంతుడను చాలు అంటాడు సోలోన్. క్రీసస్‌కి అప్పుడు కోపమొచ్చింది గానీ, తర్వాత కొడుకు చనిపోయాడు, రాజ్యం పర్షియా రాజు సైరస్ చేతికి పోయింది.

తర్వాతి కాలపు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్‌కి ఇది పూర్తిగా నచ్చలేదు. మనిషి సుఖంగా ఉన్నప్పుడు ఒప్పుకోకుండా, పోయాక ఒప్పుకోవడం ఏంటి? ఆయన దృష్టిలో సుఖమంటే జీవితమంతా మంచి గుణంతో నడుచుకోవడం, అది అదృష్టంలా రోజుకో రకంగా మారదు.

రోజూ బతకడానికి నాకైతే అరిస్టాటిలే పనికొస్తాడు. కాకపోతే యుద్ధంలో కొడుకులనీ ఊరినీ పోగొట్టుకున్న ట్రాయ్ రాజు ప్రియాంకి వచ్చినంత కష్టం వస్తే మంచివాడు దీనుడైపోడు గానీ, పరిపూర్ణ సుఖం మాత్రం ఉండదని ఆయనే ఒప్పుకుంటాడు, అంటే సోలోన్‌కి సగం వాదన వదిలేసినట్టే.