గిటార్ పని బల్ల మీద యోగా మ్యాట్: చాలాకాలం వాడాక

తీగలు మార్చడానికీ ఫ్రెట్లు (మెడ మీది సన్నని లోహపు పట్టీలు) తుడిచి మెరుగుపెట్టడానికీ గిటార్ పేరు చెప్పి అమ్మే ఖరీదైన మ్యాట్ అక్కర్లేదు. 6 మి.మీ. మందం ఈవీఏ (ఒక రకం ఫోమ్) యోగా మ్యాట్ చాలు. పీవీసీది మాత్రం కొనకండి, కారణం కింద ఉంది.

మామూలు మ్యాట్ 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. 110 సెం.మీ. దగ్గర కోస్తే డ్రెడ్‌నాట్ (పెద్ద బాడీ అకౌస్టిక్ గిటార్) కూడా పడుతుంది. మిగిలిన ముక్కలో 20 సెం.మీ. వెడల్పు పట్టీ కోసి బిగించి చుట్టి టేపు వేస్తే దాదాపు ఏడున్నర సెం.మీ. లావు చుట్ట వస్తుంది. గిటార్ మెడ కింద దిండు అదే. టేపు గిటార్‌కు తగలకుండా పైన పాత పంచె గుడ్డ చుట్టాలి, దొర్లకుండా రెండు వైపులా చెక్క ముక్కలు ఆనించాలి. ఎలక్ట్రిక్‌కు ఈ ఎత్తు సరిపోతుంది. అకౌస్టిక్‌కు బాడీ లోతు ఎక్కువ, చుట్ట కింద మడతపెట్టిన టవల్ వేయాల్సిందే. తీగలు మార్చేటప్పుడు దిండు మొదటి మూడు ఫ్రెట్ల కింద ఉండాలి. సుత్తితో ఫ్రెట్ దించే పనికి ఇది దండగ: దెబ్బంతా మెత్తదనమే మింగేస్తుంది, ఫ్రెట్ కూర్చోదు.

ఇక పూత సంగతి. అమెరికాలో తయారైన గిబ్సన్‌ల మీద ఉండే నైట్రోసెల్యులోజ్ లక్కర్‌కు పీవీసీ, రబ్బరు రెండూ పడవు. పీవీసీని మెత్తబరచే రసాయనాలు మెల్లగా పూతలోకి దిగి దాన్ని జిగటగా చేస్తాయి, మ్యాట్ గీతలు అచ్చు పడతాయి. మే నెల ఎండల్లో ఇంకా త్వరగా. పాలియురెథేన్, పాలియెస్టర్ పూతలకు ఈ బెడద చాలా తక్కువ. పూత ఏదో తెలియకపోతే మధ్యలో నూలు దుప్పటి పరవండి, పని అయ్యాక గిటార్‌ను మ్యాట్ మీదే వదిలేయకండి.

ఆ దుప్పటితో ఇంకో లాభం. కత్తిరించిన తీగ మొనలు ఫోమ్‌లో గుచ్చుకుని కనిపించవు, తర్వాత గిటార్ వెనక గీతలు పెడతాయి. దుప్పటైతే బయట దులిపేయొచ్చు. ఫ్రెట్ల మెరుగుకు స్టీల్ ఊల్ (సన్నని ఉక్కు పీచు) వాడితే ఇనుప రజను పికప్ (ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కంపనాన్ని పట్టే భాగం) అయస్కాంతాలకు పట్టుకుని వదలదు, అందుకే ముందే పికప్‌ల మీద మాస్కింగ్ టేపు వేయాలి.

మెడ వంపు కొలిచేటప్పుడు దిండు తీసేయండి. గిటార్‌ను వాయించే భంగిమలో పట్టుకునే కొలవాలి. దిండు మీద హెడ్‌స్టాక్ (మెడ చివర తీగలు బిగించే భాగం) బరువు పడి రీడింగ్ మారుతుంది, దాన్ని నమ్మి ట్రస్ రాడ్ (మెడ లోపల వంపు సరిచేసే కడ్డీ) తిప్పితే పని చెడుతుంది.

కొన్నాళ్లకు బాడీ అంచు ఆనే చోట ఫోమ్ గుంటపడి లేవదు. మ్యాట్ అటూ ఇటూ తిప్పి పరిస్తే ఇంకొంత కాలం నడుస్తుంది. సోల్డరింగ్‌కు పైన చెక్క పలక తప్పదు, వేడి సోల్డరింగ్ ఐరన్ తగిలితే ఈవీఏ కరిగిపోతుంది.