పిగ్మా మైక్రాన్ పెన్నులు: దీవుల పటానికి ఆరు అక్కర్లేదు, మూడు చాలు

ఊహాలోకాల పటాలు చేత్తో గీసేవాళ్లు ఎక్కువగా వాడే పెన్నుల్లో సకురా కంపెనీ పిగ్మా మైక్రాన్ ఒకటి. ఆరు పెన్నుల సెట్టులో 005, 01, 02, 03, 05, 08 ఉంటాయి. ఆ అంకెలు మిల్లీమీటర్లు కావు: 005 గీత వెడల్పు 0.20 మి.మీ., 01ది 0.25, 05ది 0.45, 08ది 0.50. దీవులు గీయడానికి 005, 01, 05 మాత్రం కొనుక్కోండి. 02, 03ల మధ్య తేడా 0.05 మి.మీ. మాత్రమే కాబట్టి పటం పూర్తయ్యాక ఏ గీత దేంతో గీశారో గీసినవాళ్లకే తెలియదు. 08 పటం చుట్టూ చట్రం గీయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

తీరరేఖ 05 పని. అయితే ఈ పెన్నుతో గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంలో వస్తుంది. గట్టిగా నొక్కితే గీత లావెక్కదు, మొన పాడవుతుంది. అందుకని వెలుగు ఎడమవైపు పైనుంచి పడుతోందనుకుని, దీవికి కుడివైపు, కింది వైపు ఉన్న తీరం మీద రెండోసారి గీయండి. నేల నీళ్లలోంచి పైకి లేచినట్టు కనిపిస్తుంది. కావలసిన చోట మందం మారుస్తూ ఒకే ఊపులో గీయాలంటే సిరాలో ముంచి రాసే పాళీ దీనికంటే మేలు. కాకపోతే దాంతో మరకల బెడద ఉంటుంది.

తీరం ఎలా వంకర తిరగాలో పెన్ను చెప్పదు. కొత్తవాళ్ల దీవుల్లో పదికి తొమ్మిది చెడేది ఇక్కడే. చుట్టూ ఒకే కొలత వంకరలు పెడితే దీవి రంపపు పళ్ల చక్రంలా ఉంటుంది. పెన్ను పట్టే ముందే, గట్టి మొనతో లేత గీత పడే 2హెచ్ పెన్సిల్‌తో, ఆ దీవి ఎలా పుట్టిందో తేల్చుకోవాలి. అగ్నిపర్వతాల వరుసైతే హవాయి దీవులను చూడండి. ఆగ్నేయపు కొసన ఉన్న పెద్ద దీవి ఎత్తుగా, గుండ్రంగా, ఇంకా లావా కక్కుతూ ఉంది. వాయవ్యానికి పోయేకొద్దీ దీవులు పాతవి. సుమారు 50 లక్షల ఏళ్ల కవాయిని వానలు లోతైన లోయలుగా కోసేశాయి. ఇంకా ముందుకెళితే మిగిలేవి పగడపు దిబ్బలే. మీ వరుసలోనూ ఒక కొస కొత్తది, రెండో కొస అరిగిపోయినది కావాలి. పగడపు దిబ్బలు ఉంగరంలా పేరుకున్న దీవి మీద మాత్రం కొండలు, నదులు పెట్టకండి. అక్కడ నేల సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తే ఉంటుంది.

బ్రిటన్‌లా పక్కనున్న భూభాగం నుంచి విడిపోయిన దీవికి లెక్క వేరు. మధ్యలో సముద్రం లోతు తక్కువ, అవతలి గట్టు కొండల వరుస దీవి మీద కొనసాగొచ్చు. హిమానీనదాలు కోసిన తీరానికి సన్నగా, లోతుగా లోపలికి చొచ్చుకొచ్చే పాయలు పెట్టాలి. ఇసుక తీరానికి పొడవాటి నున్నని విల్లు గీత చాలు. ఒకే దీవిలో అలలు నేరుగా కొట్టే వైపు రాతి ముక్కులు, చాటు వైపు ఇసుక విల్లు ఉంటే కళ్లు వెంటనే నమ్ముతాయి.

నదులను శిఖరం దగ్గర 005తో మొదలుపెట్టి, సగం దారిలో 01కి మారండి. శంకువులాంటి కొండ ఉంటే అవి అన్ని వైపులకూ జారాలి. కిందికొచ్చేకొద్దీ కలవాలే తప్ప, డెల్టా దగ్గర మినహా చీలకూడదు. వానగాలి తగిలే వైపు నదులు, చెట్లు ఎక్కువగా, కొండ అవతల వర్షచ్ఛాయలో తక్కువగా ఉంచండి.

తీరం వెంట, దాని వంపులను అనుసరిస్తూ సముద్రం వైపు పెట్టే నీటి గీతలు 005తోనే గీయాలి. మూడు చాలు: ఒడ్డుకు 1 మి.మీ.లో మొదటిది, తర్వాత 1.5, ఆ తర్వాత 2.5 ఎడంగా. ఒక్కోటి ముందుదానికంటే నున్నగా ఉండాలి. రెండు దీవులు దగ్గరగా ఉంటే వాటి గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు, కలిసిపోవాలి. పెన్నును ముందుకు తోయకుండా, కాగితం తిప్పుకుంటూ మీవైపు లాగండి.

005 మొన చాలా సున్నితం. గరుకైన వాటర్‌కలర్ కాగితం మీద గీస్తే త్వరగా అరిగి, లోహపు గొట్టంలోకి కుంగిపోతుంది. అప్పుడు లోపల సిరా ఉన్నా గీత రాదు, గొట్టం అంచు కాగితాన్ని గీరుతుంది. నున్నటి బ్రిస్టల్ కాగితం తీసుకుని, పెన్నును నిటారుగా పట్టుకోండి. ఇందులో సిరా నింపుకొనే వీలు లేదు కాబట్టి 05, 01 ఒక్కోటి కొంటే 005 రెండు కొనాలి.

సిరాకు మాత్రం వంక పెట్టలేం. ఆరాక నీటికి చెదరదు, వెలుగుకు త్వరగా వెలిసిపోదు, పైన నీటిరంగులు ధైర్యంగా వేయొచ్చు. నున్నటి కాగితం మీద ఆరడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, తొందరపడి చెయ్యి ఆనిస్తే అలుక్కుపోతుంది. రబ్బరుతో పెన్సిల్ గీతలు చెరిపితే నలుపు కొంచెం పాలిపోతుంది, అందుకే 2హెచ్ తేలిగ్గా గీసి, చెరిపాక తీరరేఖ మీద 05ను ఇంకోసారి తిప్పాలి. పటాన్ని సగం కొలతకు తగ్గించి అచ్చు వేయించేటట్టయితే 005 గీతలు 0.10 మి.మీ.కి పడిపోయి అక్కడక్కడా మాయమవుతాయి. అలాంటి పనికి నీటి గీతలు కూడా 01తోనే గీయండి, ఎడం కాస్త పెంచండి.