కదలని క్యాంపర్ వ్యాన్‌కి 20 వాట్ల సోలార్ ప్యానెల్
విశాఖ మధురవాడలో ఇంటి పక్క ఖాళీ స్థలంలో మా క్యాంపర్ వ్యాన్ నెలల తరబడి కదలకుండా ఉంటుంది, తీద్దామనుకున్న ప్రతిసారీ బ్యాటరీ చచ్చి ఉండేది. అందుకే డాబాగార్డెన్స్‌లో 20 వాట్ల ప్యానెల్, దాన్నుంచి బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్‌ని అదుపు చేసే చిన్న కంట్రోలర్ కొన్నా. కంట్రోలర్ దండగ అన్నాడు షాపతను, ఆ మాట వినకండి, అది లేకపోతే ఎండలకి ఓవర్‌ఛార్జ్ అయి బ్యాటరీలో నీళ్లు ఇగిరిపోతాయి. ముందు బ్యాటరీ వైర్లు, ఆ తర్వాతే ప్యానెల్‌వి బిగించాలి. మూడు వారాలయ్యాక తెల్లారకముందే మీటర్ పెట్టి చూస్తే 12.7 వోల్టులు, అంటే ఫుల్ ఛార్జ్, ఇదివరకు 12కి పడిపోయేది! ముసురు పట్టిన వారం కూడా టెన్షన్ లేదు. అసలు తలనొప్పి మన ఉప్పుగాలితోనే: క్లిప్పులకి అప్పుడే పచ్చగా చిలుము పట్టింది, గీకి వాజలైన్ రాశా. వైరు మాత్రం మరీ పొట్టి, టాప్ మీద నుంచి బ్యాటరీ దాకా అందక ఇంకో రెండు మీటర్లు నేనే అతికించుకున్నా.